ఆ నీలం టైల్స్‌కి మూడొందల ఏళ్ళు లేవు

పోర్చుగల్‌లోని పోర్టో చూడ్డానికి వచ్చిన మనవాళ్ళ ఫోన్లలో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. ముందు పాతకాలపు ట్రాము, దాని వెనక రాతి మెట్లు, మెట్ల పైన రెండు గంట గోపురాల చర్చి, గోడ నిండా నీలం బొమ్మల టైల్స్. ఆ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కేటప్పుడు కింద "మూడొందల ఏళ్ళ నాటి టైల్స్" అనో, "18వ శతాబ్దపు అద్భుతం" అనో ఒక ముక్క చేరుతుంది.

ఆ చర్చి పేరు సాంతు ఇల్దెఫోన్సు. కట్టడం 1709లో మొదలై 1739లో పూర్తయింది కాబట్టి వయసు విషయంలో చర్చికి వచ్చిన లోటేమీ లేదు. టైల్స్ మాత్రం 1932లో అతికించినవి. మా తాతయ్య కంటే చిన్నవి.

నేను ఈ ఊళ్ళో ఉంటున్నాను కాబట్టి చుట్టాలూ స్నేహితులూ వస్తే ఊరు చూపించే పని నామీద పడుతుంది. టైల్స్ సంగతి చెప్పగానే చాలామంది మొహంలో వెలుగు తగ్గుతుంది. "అంటే ఒరిజినల్ కాదా?" అంటారు. దూరపు బంధువు ఒకాయనైతే "ముందే చెప్పొచ్చు కదమ్మా" అని ఫోన్ జేబులో పెట్టేసుకుని కాఫీ ఎక్కడ బాగుంటుందని అడిగారు. పాతదనుకుని మురిసిపోయేవాళ్ళతో నాకు పేచీ ఉంది. కొత్తదని తెలిసి మొహం తిప్పుకునేవాళ్ళతో అంతకంటే పెద్ద పేచీ ఉంది. ఇద్దరూ చూస్తున్నది గోడని కాదు, దాని బర్త్ సర్టిఫికెట్‌ని. 1932లో చేసిన పనిని 1932 పనిగానే చూసి, బాగుందో లేదో అప్పుడు తేల్చుకోవాలి. నన్నడిగితే అది కొన్నిచోట్ల చాలా బాగుంది, కొన్నిచోట్ల అంత బాగాలేదు. దానికి వస్తాను గానీ ముందు ఆ చోటు ఎలాంటిదో చెప్పాలి.

పోర్టో ఎత్తుపల్లాల ఊరు. నడిబొడ్డున లిబెర్దాద్ కూడలి పల్లంలో ఉంటుంది. అక్కణ్ణించి తూర్పు వైపు ఒక వీధి నిట్టనిలువుగా గుట్టెక్కి బతాల్యా కూడలి చేరుతుంది. ఆ వీధి చివర, కంటికి ఎదురుగా, సాంతు ఇల్దెఫోన్సు ఉంటుంది. పడమటి వైపు ఇంకో వీధి అలాగే ఎక్కి క్లెరిగుష్ చర్చికి చేరుతుంది. ఆ చర్చి గంట గోపురం 75 మీటర్ల పొడవు, ఊరి గుర్తే అది. అంటే పల్లానికి ఇటొక చర్చి, అటొక చర్చి, ఎదురుబొదురుగా. ఇల్దెఫోన్సు మెట్ల మీద నిలబడితే ఇళ్ళ కప్పుల మీదుగా క్లెరిగుష్ గోపురం నేరుగా కనిపిస్తుంది. ఈ చర్చి గురించి ఏం మాట్లాడాలన్నా ఈ ఎత్తునీ రెండు చర్చిలూ ఎదురెదురుగా ఉండటాన్నీ మర్చిపోకూడదు. ఇది ఏ సందులోనో తలదాచుకున్న చర్చి కాదు. వీధంతా దీని వైపే చూస్తూ ఎక్కుతుంది.

ఆ వీధి పేరు ఇప్పుడు 31 జనవరి వీధి. 1891లో ఆ రోజున ఇక్కడ రాచరికం మీద తిరుగుబాటు జరిగింది. ఆఫ్రికాలో భూభాగాల విషయమై అంతకుముందు ఏడాది బ్రిటన్ ఇచ్చిన అల్టిమేటానికి పోర్చుగల్ రాజు తలొగ్గాడన్న కోపం దాని వెనక ఉంది. తిరుగుబాటుదారులు కింద కూడలిలోని నగర భవనం బాల్కనీ నుంచి గణతంత్రం ప్రకటించేసి, జనంతో కలిసి ఈ వీధి ఎక్కడం మొదలుపెట్టారు. పైన చర్చి మెట్ల మీద మునిసిపల్ గార్డు సిపాయిలు కాచుకుని ఉన్నారు. పైనుంచి కాల్పులు జరిగాయి, తిరుగుబాటు అక్కడితో అణిగిపోయింది. 1910లో గణతంత్రం నిజంగానే వచ్చాక వీధికి ఆ తేదీ పేరు పెట్టారు. నియంత సలాజార్ కాలంలో తీసేసి పాత పేరు సాంతు ఆంతోనియు తగిలించారు. 1974లో ఆ నియంతృత్వం కూలాక మళ్ళీ 31 జనవరి అయింది. నేను చెప్పదలచుకున్నదేమిటంటే, ఆ రోజు సిపాయిల వెనకున్న గోడ మీద ఒక్క నీలం బొమ్మ కూడా లేదు. ఈ చర్చి తన చరిత్రలో రెండువందల ఏళ్ళ దాకా నీలం లేకుండానే బతికింది.

కట్టడానికి వద్దాం. పోర్టో కింద ఉన్నదంతా గ్రానైటే. ఇళ్ళు, వంతెనల కాళ్ళు, చర్చిలు, అన్నిటికీ అదే బూడిదరంగు రాయి. చెక్కడానికి మొండి రాయి, సున్నపురాయిలా సన్నటి పనికి లొంగదు. అందుకే ఇక్కడి మేస్త్రీలు గోడలో ముఖ్యమైన గీతల్ని మాత్రమే రాతితో పెడతారు: మూలల్లో పట్టీలు, తలుపు చుట్టూ చట్రం, పైన పళ్ళవరసలా కనిపించే చూరు అంచు. ఇల్దెఫోన్సు ముఖభాగంలోనూ అంతే. మధ్యలో తలుపు, దాని మీద కిటికీ, ఆ పైన గూట్లో చర్చికి పేరిచ్చిన పునీతుడి విగ్రహం, రెండు పక్కలా చదరపు గోపురాలు, గోపురాల మీద రాతి గుండ్లు. ఇల్దెఫోన్సు 7వ శతాబ్దంలో స్పెయిన్‌లోని తోలేదోకి పీఠాధిపతి. మరియమాత కన్యత్వాన్ని సమర్థిస్తూ రాసినందుకు ఆమే దిగివచ్చి ఆయనకి పూజావస్త్రం బహూకరించిందని కథ. కట్టిన కాలానికి ఇది మరీ గొప్ప ముఖభాగమేమీ కాదు. పొందిగ్గా, గట్టిగా ఉంది, అంతే. ఎదురుగుట్ట మీది క్లెరిగుష్ ముందు పెడితే తేలిపోతుంది.

లోపల వేరే కథ. ప్రార్థన మందిరం మామూలు దీర్ఘచతురస్రం కాదు, మూలలు కోసిన సాగదీసిన అష్టభుజి. మూలలు లేకపోవడంతో చూపు ఎక్కడా ఆగదు, గోడ వెంట జారుతూ పోయి బలిపీఠం దగ్గర పడుతుంది. అక్కడ ఉన్నది ఈ చర్చిలో నిజంగా 18వ శతాబ్దపు పని: బంగారు పూత పూసిన చెక్క రెటాబులు, అంటే బలిపీఠం వెనక గోడంత ఎత్తున లేచే అలంకార నిర్మాణం. 1745 నాటిది. గీసినవాడు నికొలావ్ నాజొని, చెక్కినవాడు మిగెల్ ఫ్రాన్సిష్కు ద సిల్వ.

నాజొని గురించి రెండు మాటలు ఎక్కువే చెప్తాను, ఎందుకంటే టూరిస్టులు బయట టైల్స్ ఫొటో తీసుకుని ఆయన్ని పలకరించకుండానే వెళ్ళిపోతున్నారు. 1691లో ఇటలీలోని టస్కనీలో పుట్టాడు. సియెనాలో పని నేర్చుకుని, మాల్టాలో గోడలకీ కప్పులకీ బొమ్మలేసి, 1725లో పోర్టో కెథడ్రల్‌కి చిత్రకారుడిగా వచ్చాడు. రాతి మేస్త్రీగా కాదు, గోడ మీద లేని స్తంభాలూ లేని కిటికీలూ ఉన్నట్టు భ్రమ కల్పించే పెయింటర్‌గా. తర్వాత ఊరు ఆయన్ని ఆర్కిటెక్ట్‌ని చేసింది. క్లెరిగుష్ చర్చీ గోపురమూ ఆయన గీసినవే. 1732లో మొదలైన ఆ పని 1763 దాకా సాగింది. 1773లో పోయాడు, ఆ చర్చిలోనే సమాధి చేశారు. ఇల్దెఫోన్సు రెటాబులు ముందు నిలబడితే పెయింటర్ చెయ్యి తెలిసిపోతుంది. స్తంభాలు బరువు మోయడానికి లేవు, వెలుతురు పట్టడానికి ఉన్నాయి. వంపులన్నీ ముందుకి వచ్చి నీడ వేసి మళ్ళీ వెనక్కి పోతాయి. బయట గ్రానైట్ చేయలేనిది లోపల చెక్క చేసింది.

ఆ మెరుపుకి ఖరీదు కూడా ఉంది. చెక్కిన చెక్కకి జిప్సం పూత పట్టించి, దాని మీద ఎర్ర మట్టి రాసి, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచని బంగారు రేకు అతికించి, నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టేవాళ్ళు. 18వ శతాబ్దంలో పోర్చుగల్‌కి అంత బంగారం వచ్చింది బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ నుంచి. తవ్వింది బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్లు. గైడ్లు "అబ్బ, ఎంత బంగారమో" దగ్గర ఆగిపోతారు. నేను రెటాబులుని మెచ్చుకుంటాను, ఈ వాక్యం కూడా పక్కనే చెప్తాను. రెండూ కలిపి చెప్పకపోతే సగం అబద్ధం చెప్పినట్టే.

మరి 18వ శతాబ్దంలో టైల్స్ లేవా అంటే, బోలెడు ఉన్నాయి. అయితే లోపల.

అజులేజు అని ఇక్కడ పిలిచే ఈ రంగు పలకలు పోర్చుగల్‌కి స్పెయిన్ మీదుగా, అక్కడ ఏలిన ముస్లింలైన మూర్ల కాలపు పనితనం నుంచి వచ్చాయి. మొదట్లో రకరకాల రంగులుండేవి. 17వ శతాబ్దం చివర్లో డచ్ నీలం-తెలుపు టైల్స్ వచ్చి పడ్డాయి, చైనా పింగాణీ మోజు అప్పటికే ఉంది, దాంతో దేశమంతా కోబాల్ట్ నీలంలో మునిగిపోయింది. ఆ నీలం యుగం ఎలా ఉండేదో చూడాలంటే పోర్టో కాదు, దేశం ఆ చివరికి, అల్గార్వెలో ఫారో దగ్గరున్న అల్మన్సిల్‌కి వెళ్ళాలి. అక్కడి సావ్ లోరెన్సు చర్చి కూడా ఇల్దెఫోన్సులాగే విచారణ చర్చే. విచారణ అంటే ఒక చర్చి కిందికి వచ్చే పేట, అక్కడి విశ్వాసులు. బయట సున్నం కొట్టిన తెల్లటి పల్లెటూరి గోడ. తలుపు దాటితే గోడలు, పైన గుండ్రటి కప్పు, పీఠం మీది గుమ్మటం, అన్నీ నీలమే. పొలికార్పు ద ఒలివైర బెర్నార్డెష్ అనే ఆయన 1730లో చేసిన పని, తేదీతో సహా సంతకం పెట్టాడు. పునీత లోరెన్సు గుడ్డివాళ్ళకి చూపు ఇవ్వడం, చర్చి సొత్తు పేదలకి పంచడం, చివరికి ఇనప ఊచల మంచం మీద కాల్చబడటం వరసగా నడుస్తాయి. గుమ్మటంలో ఉన్న నగిషీలన్నీ చదునైన టైల్ మీద గీసినవే, చెయ్యి పెట్టి తడిమితే తప్ప కన్ను నమ్మదు. ఆ చిన్న చర్చిని టైల్సే పెద్దది చేశాయి. అక్కడ టైల్ అలంకారం కాదు, అదే ఆర్కిటెక్చర్.

అదే కాలంలో, ఈ చివర పోర్టోలో, ఇల్దెఫోన్సు ఇంకా కడుతున్నారు. ఒకే దేశం, ఒకే మతం, ఒకే దశాబ్దం. దక్షిణాన ఒక విచారణ చర్చి గోడల లోపల నీలం నింపుకుంది. ఉత్తరాన ఇది రాయినీ చెక్కనీ బంగారాన్నీ నమ్ముకుంది. అప్పట్లో ఎవరైనా వచ్చి "మీ చర్చి వీధి గోడ మీద పెద్ద పెద్ద బొమ్మల టైల్స్ పెడదాం" అంటే జనం వింతగా చూసి ఉండేవాళ్ళని నా అనుమానం.

టైల్ వీధిలోకి రావడం 19వ శతాబ్దపు ముచ్చట. బ్రెజిల్ వెళ్ళి డబ్బు చేసుకుని తిరిగొచ్చిన వ్యాపారులు అక్కడి ఇళ్ళ పద్ధతి ఇక్కడికి తెచ్చారని చెప్తారు. పోర్టోకి అట్లాంటిక్ వాన ఎలాగూ ఉంది, గోడకి టైల్ గొడుగులా పనిచేస్తుంది. నదికి ఆవలి ఒడ్డున గాయాలోనూ ఇవతలా ఫ్యాక్టరీలు లేచాయి. ఇళ్ళ ముఖాలన్నీ పువ్వుల డిజైన్ల టైల్స్‌తో నిండిపోయాయి. అవి బొమ్మలు కావు, చీర అంచు డిజైన్‌లా తిరిగి తిరిగి వచ్చే నమూనాలు. చర్చిల వీధి గోడల మీద కథల బొమ్మలు రావడానికి 20వ శతాబ్దం దాకా ఆగాలి. 1912లో కార్ము చర్చి పక్కగోడ. తర్వాత సావ్ బెంతు రైల్వే స్టేషన్ పక్కనున్న కొంగ్రెగాదుష్ చర్చి ముఖం. 1929లో శాంత కతరీన వీధిలోని ఆల్మష్ ప్రార్థనాలయం, 15,947 టైల్స్, ఎదువార్దు లైత్ గీసింది. 1932లో సుమారు 11,000 టైల్స్‌తో మన ఇల్దెఫోన్సు. టూరిస్టులు "పాత పోర్టో" అని ఫొటో తీసుకునే చర్చి వీధి గోడల నీలమంతా ఇరవయ్యేళ్ళలో వచ్చి పడింది.

ఇల్దెఫోన్సు టైల్స్ గీసినవాడు జార్జ్ కొలాసు. 1868లో మొరాకోలోని టాంజియర్‌లో పుట్టాడు, మాడ్రిడ్‌లోనూ పారిస్‌లోనూ చిత్రకళ చదివాడు. కార్టూనిస్టు కూడా, రాచరికాన్ని సమర్థిస్తూ గణతంత్ర నాయకుల్ని ఏకిపారేసిన వ్యంగ్య పత్రిక నడిపాడు. ఆ మనిషి బొమ్మలు గణతంత్ర తిరుగుబాటు పేరు పెట్టుకున్న వీధి నెత్తిన నిలబడటం చరిత్ర వేసిన మంచి జోకు. ఆయన పేరు మోసిన పని ఇక్కడికి నడిచి కొన్ని నిమిషాల దూరంలోనే ఉంది: సావ్ బెంతు రైల్వే స్టేషన్ హాలు, సుమారు 20,000 టైల్స్, 1905 నుంచి 1916 దాకా సాగింది. 1387లో పెళ్ళి చేసుకున్న మొదటి జువావ్ రాజు, ఆయన ఇంగ్లీషు రాణీ పోర్టోలోకి ఊరేగి రావడం, 1415లో ఉత్తర ఆఫ్రికాలోని సెయుతా కోట పట్టుకోవడం, ఇలా యుద్ధాలూ ఊరేగింపులూ.

స్టేషన్ చూసి చర్చికి వస్తే కొలాసు ఎక్కడ గెలిచాడో ఎక్కడ ఓడాడో అర్థమవుతుంది. స్టేషన్ గోడలు పెద్ద పెద్ద చదునైన చట్రాలు. ఒక్కో చట్రంలో ఒక్కో యుద్ధం హాయిగా పడుతుంది. రైలు కోసం చూస్తూ నిలబడ్డవాడికి బొమ్మ చదవడానికి టైమూ దూరమూ రెండూ ఉంటాయి. చర్చి ముఖం అలాంటిది కాదు. 1739 నాటి మేస్త్రీ దాన్ని బొమ్మల కోసం కట్టలేదు. తలుపూ కిటికీలూ గూడూ రాతి పట్టీలూ పోగా మిగిలిన జాగాలోనే కొలాసు పునీతుడి జీవితాన్నీ దివ్యసత్ప్రసాదానికి సంబంధించిన దృశ్యాలనీ ఇరికించాల్సి వచ్చింది. మనుషులు కొన్ని చోట్ల ఊపిరాడనట్టు నిలబడతారు. మెట్ల కింద నుంచి చూస్తే పై వరస కథలు ఎవరికీ తెలియవు. దగ్గరికి పోతే మెడ నొప్పి పుడుతుంది. మరియమాత పూజావస్త్రం ఇస్తున్న కథ ముందే తెలిసినవాడు వెతుక్కుంటాడు, తెలియనివాడికి గోడ ఏమీ నేర్పదు. పొలికార్పు చేసినట్టు టైల్‌తో గోడ ఆకారాన్నే మార్చేయడం కొలాసుకి పట్టలేదు. ఆయన టైల్‌ని కాన్వాసు అనుకున్నాడు, నీటిరంగుల మృదుత్వం తెద్దామని చూశాడు. గోడ గోడలాగే ఉంది, దాని మీద బొమ్మలు ఉన్నాయి. బొమ్మకీ గోడకీ పెళ్ళి కుదరలేదు, పక్కపక్కన సర్దుకుపోతున్నారు.

ఇక మంచి. వీధి అడుగు నుంచి, లిబెర్దాద్ కూడలి దగ్గర నుంచి పైకి చూడండి. ఆ దూరంలో కథ లేదు, మనుషులు లేరు, నీలం ఉంది. పోర్టో బూడిదరంగు ఊరు, ఏడాదిలో చాలా రోజులు ఆకాశం కూడా అదే రంగు. బూడిద వీధి చివర, బూడిద ఆకాశం కింద, రాతి గీతల మధ్య మెరిసే నీలం. వాన పడ్డాక మరీను. రెండువందల ఏళ్ళుగా క్లెరిగుష్ గోపురం ముందు చిన్నబోయి ఉన్న చర్చికి, ఎదురుగుట్టతో సమానంగా నిలబడే బలం ఆ నీలం ఇచ్చింది. ఎత్తులో పోటీ పడలేనిది రంగుతో పడింది. గ్రానైట్ గీతల్ని కూడా టైల్స్ మింగలేదు, వాటి మధ్య జాగా మాత్రమే నింపాయి కాబట్టి పాత మేస్త్రీ గీసిన అస్థిపంజరం ఇప్పుడే ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. పుస్తకంలా చదవమంటే ఫెయిలవుతుంది, జెండాలా చూడమంటే ఇంతకంటే మంచి పని పోర్టోలో తక్కువ. ఈ తీర్పుకి 1932 అన్న తేదీ అవసరం. 18వ శతాబ్దపు పని అనుకుంటే, పొలికార్పుతో పోల్చి, నాసిరకం అని కొట్టిపారేయాల్సి వస్తుంది. తేదీ తెలిస్తేనే దీనికి న్యాయం జరుగుతుంది.

నా స్నేహితురాలు ఒకామె, ఇక్కడే ఆర్కిటెక్చర్ చదివింది, దీనికి గట్టిగా అడ్డం తగులుతుంది. "ఆ నీలం అమాయకమైంది కాదు" అంటుంది. 1932 అంటే సలాజార్ ప్రధాని అయిన ఏడాది. "అసలైన పోర్చుగల్ అంటే ఇదీ" అంటూ పల్లెలూ పునీతులూ పాత విజయాలూ చూపించే రుచి ఆ ప్రభుత్వంతో బాగా కలిసిపోయింది. కొలాసు బొమ్మలు ఆ రుచికి ముందే దారి వేశాయని ఆమె వాదన. ఇందులో నిజం లేకపోలేదు. ఇంకోటి నేను కలుపుతాను. 1911లో వచ్చిన చట్టం చర్చినీ రాజ్యాన్నీ విడదీసి, చర్చి ఆస్తుల్ని ప్రభుత్వం చేతికిచ్చింది. కార్ము చర్చి పక్కగోడ మరుసటి ఏడాదే నీలమైంది. వీధిలో తన చోటు తగ్గిందనుకున్న మతం వీధి గోడనే మాట్లాడించిందని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే. కానీ ఒక గోడ వెనక రాజకీయం ఉంటే అది నకిలీ అయిపోదు. అది ఆ కాలానికి చెందిన సాక్ష్యం అవుతుంది. బ్రెజిల్ బంగారం వెనక బానిసత్వం ఉందని రెటాబులుని చెక్క కాదనలేం కదా.

అదే దశాబ్దంలో అసలైన "పాత"ని తయారుచేసే పని ఇంకోచోట జోరుగా నడిచింది. 1929లో పోర్చుగల్ ప్రభుత్వం జాతీయ కట్టడాల కోసం ఒక డైరెక్టరేట్ పెట్టింది. వాళ్ళ సిద్ధాంతం సూటిగా ఉండేది: మధ్యయుగపు చర్చికి తర్వాత శతాబ్దాలు తగిలించినవన్నీ తీసేయాలి, కట్టడం మొదటి రోజు ఎలా ఉందో అలా చేయాలి. పోర్టో కెథడ్రల్‌ లోపలి బరోక్ (17, 18 శతాబ్దాల ఆడంబరమైన శైలి) అలంకారాల్లో చాలావాటిని ఊడదీసి రాయిని బయటపెట్టారు. దాని చుట్టూ అల్లుకున్న పాత ఇళ్ళని కూల్చి 1940 జాతీయ ఉత్సవాల నాటికి ఖాళీ మైదానం చేశారు. సెదొఫైత అనే పేటలోని చిన్న రోమనెస్క్ (మధ్యయుగపు బరువైన రాతి శైలి) చర్చిని కూడా అలాగే గీకారు. ఇప్పుడు ఆ నగ్న గ్రానైట్ గోడల ముందు నిలబడి జనం "అబ్బ, 12వ శతాబ్దం!" అంటారు. ఆ ఖాళీదనం 1930లది, 40లది. 12వ శతాబ్దంలో ఆ కెథడ్రల్ చుట్టూ ఇళ్ళూ జనమూ గోలా ఉండేవి, ఇంత శుభ్రంగా ఏనాడూ లేదు.

ఈ సిద్ధాంతం మన దాకా కూడా వచ్చింది. గోవా వెళ్ళిన ప్రతి తెలుగు కుటుంబం ఓల్డ్ గోవాలో బొం జెజూస్ బసిలికా ముందు నిలబడి ఫొటో దిగుతుంది. ఎర్రటి లాటరైట్ రాయి, ఎంత పాతగా ఉందో అనుకుంటాం. ఆ చర్చికి వందల ఏళ్ళు సున్నపు ప్లాస్టర్ ఉండేది. 1950లలో, గోవా ఇంకా పోర్చుగీసు చేతిలో ఉండగానే, ఈ డైరెక్టరేట్‌లో పనిచేసిన బల్తజార్ కాష్ట్రు అనే ఆర్కిటెక్ట్ దాన్ని గీకించేశాడు, రాయి కనిపిస్తే పురాతనంగా ఉంటుందని. లాటరైట్ మెత్తటి రాయి, గోవా వానలకి అరిగిపోతోంది, ప్లాస్టర్ మళ్ళీ వేయాలని నిపుణులు మొత్తుకుంటున్నారు. వేస్తే "చర్చి అందం పాడుచేశారు" అని టూరిస్టులు గొడవ చేస్తారేమోనని భయం. 1950ల ఫ్యాషన్ ఇప్పుడు "ఒరిజినల్" అయి కూర్చుంది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చేత్తో ప్రభుత్వం చర్చిల నుంచి శతాబ్దాల్ని ఒలిచేస్తోంది. ఇంకో చేత్తో ఒక విచారణ తన చర్చికి ఒక శతాబ్దాన్ని చేరుస్తోంది. ఒలిచినవాళ్ళని పండితులు గౌరవించారు, చేర్చినవాళ్ళది జనాకర్షణ పని అన్నారు. నేను చేర్చినవాళ్ళ పక్షం. చేర్చింది నచ్చకపోతే మనం దాన్ని తిట్టొచ్చు, కారణాలు చెప్పొచ్చు, కొలాసుని నేను పైన తిట్టినట్టు. ఒలిచేసిన బరోక్ చెక్కపని బాగుందో లేదో చెప్పే అవకాశం మనకి లేనే లేదు.

"అయితే రేపు ఎవరో వచ్చి ఇల్దెఫోన్సుకి ఎల్ఈడీ లైట్లు పెడతామన్నా ఒప్పుకుంటావా?" అని ఆ స్నేహితురాలే ఎదురడిగింది. ఒప్పుకోను, బహుశా మెట్ల మీద కూర్చుని ధర్నా కూడా చేస్తాను. ఇక్కడ నా వాదనకి ఒక చిల్లు ఉందని నాకు తెలుసు. ఏ చేర్పు చర్చిది, ఏది పైనుంచి రుద్దింది అని తేల్చే కొలబద్ద ఒక్కటే నాకు కనిపిస్తోంది: అక్కడ వారం వారం దివ్యబలిపూజకి వచ్చేవాళ్ళకి దానితో ఏదైనా సంబంధం ఉందా? 1967లో ఇజొలీను వాజ్ చేసిన రంగు అద్దాల కిటికీలు ఈ చర్చిలో ఉన్నాయి. వాటిని "ఒరిజినల్ కాదు" అని ఎవరూ అనరు, ఎందుకంటే అవి పాతవాటిలా కనిపించాలని ప్రయత్నించలేదు. వాటి కింద కూర్చున్నవాళ్ళకి ఉదయం వెలుతురు రంగు మారితే చాలు. 2013లో పరిపాలనా సంస్కరణల్లో సాంతు ఇల్దెఫోన్సు అనే వార్డుని చుట్టుపక్కల వాటితో కలిపేశారు. సర్కారు లెక్కల్లో విడిగా ఆ పేరు లేదు. చర్చి మాత్రం విచారణ చర్చిగానే నడుస్తోంది, పిల్లల జ్ఞానస్నానాలూ పెద్దల అంత్యక్రియలూ అక్కడే. లోపల పూజ జరుగుతుంటే మెట్ల మీద సెల్ఫీలు నడుస్తుంటాయి. రెండు గుంపులకీ ఒకరి సంగతి ఒకరికి పట్టదు.

వయసునే కొలతగా పెట్టుకుంటే జరిగే నష్టం మాటలతో ఆగదు, జేబుకీ తగులుతుంది. పోర్చుగల్‌లో టైల్స్ దొంగతనం పెద్ద బెడద. ఖాళీగా పడున్న ఇళ్ళ ముందు గోడల నుంచి రాత్రికి రాత్రి ఊడబెరికి సంతల్లో అమ్మేస్తారు. పోలీసు శాఖ మ్యూజియం 2007లో దీని మీద ఒక ప్రచారం మొదలుపెట్టింది. 2017లో చట్టం మార్చి టైల్స్ ఉన్న ముఖభాగాల్ని ఇష్టమొచ్చినట్టు కూల్చడానికి వీల్లేకుండా చేశారు. ఆ ఏడాదే మే 6ని జాతీయ అజులేజు దినం చేశారు. పోర్టో నగరపాలికకి టైల్స్ బ్యాంకు ఉంది. కూల్చిన ఇళ్ళ నుంచి తీసిన పలకల్ని దాచి, ఎవరి గోడకి నాలుగు పలకలు రాలిపోయినా సరిపోయే డిజైన్ ఉంటే ఇస్తారు. ఇవన్నీ ఎక్కువగా కాపాడుతున్నది 19, 20 శతాబ్దాల టైల్స్‌నే. "మరీ పాతవేం కావులే" అనుకుంటే ఇందులో ఒక్కటీ మిగిలేది కాదు.

పోర్టో వచ్చేవాళ్ళు ముందు సావ్ బెంతు స్టేషన్‌లో కొలాసుని ఆయన బాగా చేసిన చోట చూడండి. తర్వాత 31 జనవరి వీధి అడుగున ఆగి పైకి చూడండి, ఆయాసపడుతూ ఎక్కండి, మెట్ల మీద వెనక్కి తిరిగి క్లెరిగుష్‌ని చూడండి. తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళి నాజొని ముందు కాసేపు కూర్చోండి. బీచ్‌ల కోసం అల్గార్వె వెళ్ళేవాళ్ళు ఫారో నుంచి అల్మన్సిల్‌కి ఒక పూట కేటాయించండి. గుర్తుగా ఒక టైల్ కావాలంటే సంతలో అంచు విరిగిన "పురాతన" పలక కొనకండి, అది ఎవరి గోడ నుంచి ఊడిందో మీకు తెలియదు. చేత్తో గీసి కాల్చే చిన్న వర్క్‌షాపులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ కొత్తది కొని, వెనక ఈ ఏడాది అంకె వేయించుకోండి.